రామన్న మీసం

4 ఏప్రిల్ 1977, సోమవారం

కొండాపూర్‌లో సైకిళ్ళు కిరాయికిచ్చే సైకిల్ టాక్సీ దుకాణం యజమానిని, ఏడో తరగతిని రెండు దఫాలు చదివి రెండు దఫాలూ అక్కడే వదిలేసి వచ్చినవాడిని, రాజయ్య అనే నేను, ఒంట్లో జ్వరం లేకుండా, కడుపులో కల్లు లేకుండా, మెడ మీద ఎవరి కత్తీ లేకుండా చేస్తున్న శాసనం ఇది. నేటి నుంచి సాసరులో చాయ్ పోసుకుని జుర్రుమని చప్పుడు చేస్తూ తాగే ఏ మనిషికీ మా దుకాణంలో గాలి పంపు ఇవ్వబడదు. బెంచీ మీద జాగా చూపబడదు. పులి-మేక ఆటలో మేకలు అప్పగించబడవు. ఈ శాసనం సూర్యచంద్రులున్నంత కాలం గానీ, నా పంపు వాషరు అరిగేంత కాలం గానీ, ఏది ముందైతే అంతవరకు అమల్లో ఉంటుంది.

కొండాపూర్ మొత్తంలో అలా చాయ్ తాగేది ఒక్కడే. ఆ సంగతి వేరు.

ఈ డైరీ కిందటేడాదిది. టైర్ల ఏజెంటు ఈసారి కొత్తది ఇవ్వలేదు. ఇచ్చిందే రాయలేదు కదా సేటూ అన్నాడు. వారాలు కలవవు, కొట్టేసి రాసుకోవాలి.

5 ఏప్రిల్, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవడం మంచిది. రేపు నేనే నా మీద తిరగబడితే చూపించడానికి ఒక సాక్ష్యం ఉండాలి.

మా ఊరి మగవాళ్ళు చలికాలమంతా చిరుతల రామాయణం నేర్చుకున్నారు. చేతుల్లో చిరుతలనే చెక్క తాళాలు వాయించుకుంటూ, గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ ఆడే ఆట. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టాలి. సీత వేషం మా ఎదురు దుకాణం దర్జీ రామన్నకు పడింది. గొంతు సన్నం, నడుము సన్నం, తన రవిక తనే కుట్టుకుంటాడు కాబట్టి ఖర్చూ సన్నం. వేషం కోసం వాడు మీసం తీసేశాడు. మొలిచిన నాటి నుంచి ఆ మీసం మీద కత్తి పడలేదు. తీసిన రోజు వాడి పెంపుడు కుక్కే వాడిని చూసి మొరిగింది.

శనివారం ఆట అయింది. ఆదివారం పొద్దున ఊళ్ళో సగం మంది నా దుకాణం ముందే ఉన్నారు. రామన్న బెంచీ మీద తన జాగాలో కూర్చుని, సాసరులో చాయ్ పోసుకుని, అందరూ వింటుండగా నన్ను అడిగాడు.

“ఎట్ల చేసిన బావా?”

అడిగితేనే చెప్పాను. అది ముఖ్యం. అడగకపోతే చెప్పేవాడిని కాదు.

“ఏమో బావా, నిన్ను జూసినంక రావణుడు ఎత్కపోయిన తొవ్వనే మళ్ల తీస్కొచ్చి దించిపోవుండె. యుద్ధమే లేకపోవు. నీ అశోకవనం కాడ సగం మంది లేచిపోయిండ్రు.”

అందరూ నవ్వారు. మస్తు నవ్వారు. నేనూ నవ్వాను. రామన్న మాత్రం చాయ్ ఉన్న సాసరును ఉన్నట్టే బెంచీ మీద పెట్టి, రోడ్డు దాటి, తన దుకాణంలోకి పోయాడు. ఇన్నేళ్ళుగా వాడి కుట్టు మిషన్ మొఖం రోడ్డు వైపు, అంటే నా వైపు ఉండేది. వాడు దాన్ని ఎత్తి, మొఖం గోడకు తిప్పి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

నిజం చెబితే కోపమొస్తే నేనేం చేయను? అశోకవనం దగ్గర నా కళ్ళు మండిన మాట వాస్తవమే. అది పెట్రోమాక్స్ లైటు పొగ.

6 ఏప్రిల్, బుధవారం

మిషన్ ఇంకా అటే ఉంది. ఎవరికి ఫికర్.

7 ఏప్రిల్, గురువారం

దుకాణం వెనక గదిలో కిరాయికి ఉండే లెక్కల సారు భీమేశ్వరరావు గారు పంచాయితీకి వచ్చారు. ఆయనది గోదావరి వైపు. మా బడికి బదిలీ మీద వచ్చారు. ‘అండి’ లేకుండా ఆయనకు తుమ్ము కూడా రాదు.

“మీరలా అనకుండా ఉండాల్సిందండి, రాజయ్య గారూ.”

“మంచిగ లేనిదాన్ని మంచిగున్నదనాల్నా సారు?”

“మంచిగా లేదని దేంతో కొలిచారండి?”

నేను ఊరుకుంటానా? ఒక సైకిల్‌ను తలకిందులు చేసి నిలబెట్టాను. వెనక చక్రం గిర్రున తిప్పి, రిమ్ముకు దగ్గరగా సుద్దముక్క పట్టుకున్నాను. వంకర ఉన్న చోట మాత్రం సుద్ద అంటుకుంది, మిగతా రిమ్ము నల్లగానే ఉంది.

“చూడుండ్రి. ఈ సైకిల్ నాకిష్టమా కష్టమా, సుద్ద అడిగిందా? వంకరున్నకాడ అంటుతది, లేనికాడ అంటదు. ఆటయినా పాటయినా గంతే. చెడ్డది చెడ్డదే.”

సారు మొఖం వెలిగిపోయింది. “నేనూ అదే అంటానండి! ఎవరికి నచ్చింది వాళ్ళకి గొప్ప అంటే ఇక బళ్ళెందుకు, పరీక్షలెందుకు? ప్రతిదానికీ ఓ కొలత ఉండే ఉంటుంది. మనకి దొరకాలి, అంతే.” తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగారు. “మరి రామన్న గారి సీతకి మీరు పెట్టిన సుద్దముక్క ఏదండి?”

“జనం లేచిపోయిండ్రు గద!”

“నేను ముందు వరసలో ఉన్నానండి. వెనక్కి చూళ్ళేదు.”

అప్పుడే గొర్రెలూ బర్రెలూ మేపే ఎల్లేశం వచ్చాడు. ఎప్పట్లాగే కిర్రు సైకిల్ కావాలన్నాడు. నా దుకాణంలో అన్నిటికంటే దరిద్రపు సైకిల్ అది. తొక్కితే కిర్రుకిర్రుమని పక్కూరు గోపన్‌పల్లి దాకా వినిపిస్తుంది. నూనె వేసిన మంచిదిస్తానన్నాను.

“అది నాకెందుకన్నా? కిర్రుమంటెనే నా బర్రెలు నేనొస్తున్నని గుర్తుపడ్తయి. సప్పుడు లేని సైకిల్ మీద పోతె దొంగ అనుకొని పరుగు పెడ్తయి.”

సారు వాడు పోయిన వైపు చూశారు. “దీనికి ఎన్ని మార్కులు వెయ్యాలండి?” అని తనలో తనే అనుకున్నారు.

9 ఏప్రిల్, శనివారం

గోపన్‌పల్లి నుంచి లింగమూర్తి వచ్చాడు. మా చిరుతల రామాయణం మంచిగుందట, ఇరవై నాలుగో తారీఖు ఆదివారం తమ ఊళ్ళో ఆడాలట. రాముడు సరే అన్నాడు, రావణుడు రెండుసార్లు సరే అన్నాడు. లింగమూర్తి రామన్న దుకాణానికి పోయాడు. నేను ఒక గట్టి టైరుకే మళ్ళీ గాలి కొడుతూ విన్నాను.

రామన్న గోడ వైపే మొఖం పెట్టి, రోడ్డు దాటి వినపడేంత గట్టిగా అన్నాడు. “సగం మంది లేచిపోయే సీత మీ ఊరికెందుకే? వేరేటోన్ని జూసుకోండ్రి. నేను మీసం పెంచుతున్న.”

వేరేవాడెవడు? చలికాలమంతా నేర్చుకున్న వేషం పది, పదిహేను రోజుల్లో ఇంకొకడికి వస్తుందా? లింగమూర్తి మొఖం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

“నువ్వు జర చెప్పు రాజన్నా. నీ మాటింటడు.”

“వాని మూతి, వాని మీసం. నడుమ నేనెవన్ని?”

అన్నాను గానీ, లింగమూర్తి పోయాక అటు చూశాను. ఎవరో గిరాకీ పిలిస్తే రామన్న ఇటు తిరిగాడు. పై పెదవి మీద నల్లగా సన్నని నీడ.

10 ఏప్రిల్, ఆదివారం

గొడవకు ముందు రామన్నకు ఒక చొక్కా బట్ట ఇచ్చి ఉన్నాను. మరిచేపోయాను. ఈ రోజు నా భార్య సత్తెమ్మ అటు పోతే, కుట్టిన చొక్కా ఆమె చేతికి ఇచ్చి పంపాడు. “సైకిల్ సేటుగారికి ఇయ్యి చెల్లె” అన్నాడట. సేటుగారు! నేను వాడికి బావను. మా పెళ్ళయిన నాటి నుంచి సత్తెమ్మ వాడికి చెల్లె, నేను బావ.

కోపంలో కుట్టిన చొక్కా కదా, ఎక్కడో ఒక చేయి పొడుగుంటుంది, ఒక గుండీ కిందికుంటుంది, పట్టుకుని ఊరంతా చూపిద్దామని తీరుబాటుగా కూర్చున్నాను. తిరగేసి చూశాను. లోపలి కుట్టు చూశాను. కాలరు మడత విప్పి చూశాను. కిందటిసారి చంక దగ్గర పట్టేస్తోందని నేను అన్న మాట గుర్తు పెట్టుకుని అక్కడ అర అంగుళం వదులు కూడా ఇచ్చాడు.

“ఏమైనా దొరికిందా?” అంది సత్తెమ్మ.

“ఇంకా చూస్తున్న.”

“చూడు చూడు. సాయంత్రం దాక చూడు.”

వేసుకుంటే ఒంటికి అతికినట్టుంది. విప్పేశాను. ఉక్కగా ఉంది.

12 ఏప్రిల్, మంగళవారం

మధ్యాహ్నం గిరాకీ ఉండదు. ఇన్నేళ్ళూ ఆ టైముకు నేనూ రామన్నా పులి-మేక ఆడేవాళ్ళం. ఇవాళ సారుతో ఆడాను. ఆయన మేకను కదిపే ముందు కాగితం మీద ఏదో లెక్క వేసుకుంటారు. నా పులి ఆకలితో చచ్చింది. రామన్నయితే మేకను పెట్టేటప్పుడు దాని తరఫున “మ్యా” అనేవాడు. ఓడిపోయేటప్పుడు నా పులుల పుట్టుక గురించి అనరాని మాటలు అనేవాడు.

నాకిప్పుడు తెలిసింది, పులి-మేక అసలు మంచి ఆటే కాదు. పాత ఆట. దాంట్లో ఏముంది?

13 ఏప్రిల్, బుధవారం

కొత్త ఆట కనిపెట్టాను! పేరు కుక్క-సైకిళ్ళు.

పలక మీద సైకిల్ చక్రం బొమ్మ గీశాను. బయట రిమ్ము, నడుమ ఇరుసు, ఇరుసు నుంచి రిమ్ము దాకా పుల్లలు. ఇరుసు ఇల్లు. సైకిళ్ళు రిమ్ము మీద బయలుదేరి ఇల్లు చేరాలి. వాటిని కుక్క తరుముతుంది. ఒకసారికి ఒక్క అడుగే. కుక్క సైకిల్ మీదికి వస్తే సైకిల్ పోయినట్టు. ముందు బేరింగు గుండ్లు సైకిళ్ళనుకున్నాను, అవి దొర్లుకుంటూ మోరీ కాలవలో పడ్డాయి. ఇప్పుడు నట్లు సైకిళ్ళు, బెల్లు మూత కుక్క. కుక్క కదిలినప్పుడు మొరగాలి. అది రూలు.

ఇంత మంచి ఆట ఈ భూమ్మీద లేదు. సత్తెమ్మకు చూపించాను. “నేను మొరగను” అని పోయింది.

రోడ్డు అవతల కూడా వినపడేట్టు నేను మొరుగుతూ ఒక్కడినే రెండు వైపులా ఆడాను. వాడు తిరగలేదు. వాడి కుక్క తిరిగింది.

15 ఏప్రిల్, శుక్రవారం

సారుతో ఆడాను. ఏమైందో రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను.

సారు సైకిళ్ళు, నేను కుక్క. ఆయన ఒక సైకిల్‌ను రిమ్ము మీద తిప్పడం మొదలుపెట్టారు. నేను ఒక అడుగు వేస్తే ఆయన ఒక అడుగు. నేను మొరిగి ఒక అడుగు, ఆయన ఒక అడుగు. గుండ్రంగా, గుండ్రంగా, గుండ్రంగా. నా గొంతు బొంగురు పోయింది. వెనక గది నుంచి ఆయన భార్య పుణ్యవతమ్మ గారు “ఏవండీ, అన్నం చల్లారిపోతోంది, ఆ కుక్కను ఎవరైనా తోలెయ్యండి” అని కేకేశారు.

“చూశారాండి?” అన్నారు సారు. “నేనిలా తిరుగుతుంటే మీ కుక్క జన్మలో నన్ను పట్టుకోలేదు. నేనూ జన్మలో ఇల్లు చేరను. ఈ ఆట అవ్వదండి.”

లోపలికెళ్ళి కాగితం తెచ్చారు. గీతలు కొట్టి ఉంది. రెండు వైపులా న్యాయంగా ఉందా, బుర్రకి పని ఉందా, ఆట ముగుస్తుందా, మళ్ళీ ఆడాలనిపిస్తుందా. ఒక్కోదానికి మార్కులు. నాలుగింటికీ సున్నాలే వేశారు. మొత్తం పదికి మూడు. ఆ మూడు కూడా మొరగడానికట. అది కొత్తగా ఉందన్నారు.

నాకు ఒళ్ళు మండింది. “ఏం సారు, మనసుకు నచ్చేదానికి మార్కులేస్తరా? ఆట అంటే ఏంది, బస్తా బియ్యమా తూకమెయ్యనీకె? మీకు నచ్చలే, నాకు నచ్చింది. ఎవరికి నచ్చింది వాళ్లకు గొప్ప! నేను రెండ్రోజులు నిద్రలేకుండ కూసొని చేసిన, మీరు అన్నం సల్లారే లోపల సున్న ఏస్తరా?”

సారు లేచారు. గోడకు ఆనించి ఉన్న సైకిల్ మీద నుంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టారు. “నేను చక్రం తిప్పానండి, అంతే. అంటుకుంది. వంకర తీస్తే మళ్ళీ పెడదాం.”

నా మాటే. నా సుద్దే.

పోతూ పోతూ గుమ్మంలో ఆగారు. “అయినా రాజయ్య గారూ, నేను మీ ఒక్కరికే చెప్పానండి. నలుగురిలో చెప్పలేదు.”

16 ఏప్రిల్, శనివారం

మార్కులు వేసే మనుషులకు కిరాయి సైకిళ్ళు ఇవ్వబడవని శాసనం చేద్దామనుకున్నాను. సారుకు సొంత సైకిల్ ఉందని గుర్తొచ్చి ఆగాను.

18 ఏప్రిల్, సోమవారం

సత్తెమ్మ చింతపండు పిసుకుతూ అడిగింది.

“ఆ దినం అశోకవనం కాడ ఎవరు లేచిపోయిండ్రు?”

“సగం మంది.”

“పేర్లు చెప్పు.”

“పేర్లెవరు రాసుకున్నరు?”

“నేను ఆడోళ్ల దిక్కు కూసున్న. ఒక్కతి లేవలే. భాగ్యమ్మ చంటిది ఏడుస్తున్నా కూసున్నది గని లేవలే. మొగోళ్ల దిక్కు నుంచి లేచింది ఒక్కడే. తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని లేచిండు.”

“పెట్రోమాక్స్ పొగ.”

“పెట్రోమాక్స్ లైటుకు పొగెక్కడిదయ్యా? పొగొస్తె వత్తి పాడైనట్టు. నువ్వే గద దాన్ని బాగు జేసిచ్చినోనివి?”

నేను చారు మంచిగుందన్నాను. “ఇంక పొయ్యి మీద పెట్టలే” అంది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. సీత కొమ్మ పట్టుకుని ఒక్కతే నిలబడి, చిరుతలు వాయించడం ఆపేసి, గొంతు తగ్గించి పాడింది చూడు, అక్కడ నాకు రామన్న కనిపించలేదు. అంత పొడుగు గడ్డం ఎముక, ఆ పక్క పన్ను, రోజూ చూసే మొఖమే. అయినా కనిపించలేదు. మా అక్క కనిపించింది. అత్తగారింట్లో ఒక్కతే ఉన్న రోజుల్లో మా అక్క ఎలా నిలబడేదో అలాగే నిలబడ్డాడు వాడు. వాడు మా అక్కను చూసిందెప్పుడు, ఎలా గుర్తుపెట్టుకున్నాడు?

మరునాడు పొద్దున వాడు ఎట్ల చేసిన అని అడిగినప్పుడు అందరూ నా మొఖమే చూస్తున్నారు. రాజయ్య ఏం జోకు వేస్తాడా అని. నేనేం చేయను?

పొగ అని రాసిన చోట కొట్టేద్దామనుకున్నాను. డైరీలో కొట్టివేతలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

19 ఏప్రిల్, మంగళవారం

మీసం ఇక్కడికే కనిపిస్తోంది. ఎవరికి ఫికర్. ఆదివారం దగ్గరికొచ్చింది.

20 ఏప్రిల్, బుధవారం

ఇవాళ్టి సంగతి పెద్దక్షరాలతో రాయాల్సింది.

మధ్యాహ్నం. రోడ్డు మీద పిట్ట లేదు. నేను బెంచీ మీద కూర్చుని కుక్క-సైకిళ్ళ పలక ముందు పెట్టుకుని వంకర ఎక్కడుందో చూస్తున్నాను. చూస్తే రామన్న లేచాడు. మెడలో టేపు అలాగే ఉంది. నేరుగా రోడ్డు దాటి, మీసం దువ్వుకుంటూ, నా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఉండబట్టలేక వచ్చాడన్నమాట. నేను తల ఎత్తలేదు. మనిషికి కొంచెం గౌరవం ఉండాలి.

“ఏందది?” అన్నాడు.

“ఆట.”

“వారం నుంచి మొరుగుతున్నవు గదా, కుక్క కరిచిందేమో, దవాఖానకు తీస్కపోవాల్నేమో అనుకున్న.”

కూర్చున్నాడు. ఆడాం. వాడు కూడా సారులాగే రిమ్ము మీద తిప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆగిపోయాడు.

“బావా, ఇది మంచిగ లేదు.”

బావా అన్నాడు! ఆట మంచిగా లేదన్న ముక్క నాకు ఆ తర్వాత వినిపించింది.

“ఎందుకు మంచిగ లేదు?”

“మొగోడు సైకిల్ మీద పొద్దందాక గుండ్రంగ తిరిగి ఇల్లు చేరకుంటె దాన్ని ఆట అనరు, సంసారం అంటరు. నీ రిమ్ముల మేకు లేదు. సైకిల్ అన్నంక పంచర్ కావద్దా?”

జేబులోంచి బట్ట మీద గీత గీసే సుద్దబిళ్ళ తీశాడు. రిమ్ము మీద అక్కడక్కడ చుక్కలు పెట్టాడు. చుక్క మీదికొచ్చిన సైకిల్ ఒక దఫా ఆగాలి, పంచర్ అతికించుకోవాలి. ఆ లోపల కుక్క వస్తుంది. అందుకని సైకిల్ ఊరికే తిరగలేదు, చుక్క రాకముందే పుల్ల పట్టుకుని ఇంటికి దిగాలి. అంతే. ఒక్క రూలు. చచ్చిన ఆట లేచి కూర్చుంది.

తర్వాత ఎంతసేపు ఆడామో తెలియదు. వాడి సైకిల్ ఇంటికి ఒక్క అడుగు దూరంలో ఉండగా నా కుక్క పట్టుకుంటే, వాడు నా కుక్క తల్లిదండ్రుల గురించి అన్న మాటలు ఇక్కడ రాయను. ఎవరో గిరాకీ వచ్చి సైకిల్ కావాలని అడిగి, మేమిద్దరం పలకనందుకు తనే ఒకటి తీసుకుని పోయాడు. ఎవడో తెలియదు. తెస్తే తెస్తాడు.

మొదటి ఆట చెడ్డది, రెండోది మంచిది. ఇది నా ఇష్టమూ కాదు, వాడి ఇష్టమూ కాదు. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం, నేను ఒక్కడినే చేసింది కాబట్టి. అయినా రెండోది మంచిది. మొదటిదాంట్లో నుంచి లేచి అన్నానికి పోవాలనిపిస్తుంది, రెండోదాంట్లో నుంచి ఎవరూ లేవలేరు. ఎవరూ లేవలేదు అన్నదే కొలతయితే…

ఇక్కడ ఆపేస్తాను.

సాయంత్రం సారు వచ్చి చూశారు, ఆడారు, ఓడిపోయారు. కాగితం తెచ్చి ఏడు వేశారు. మొరగడానికి మూడు అలాగే ఉంచారు.

రామన్న తిరిగి పోయి మిషన్ మొఖం రోడ్డు వైపు పెట్టాడు.

22 ఏప్రిల్, శుక్రవారం

శాసనం రద్దు. పంపు వాషరు అరిగింది.

పొద్దున చాయ్ తాగేటప్పుడు సాసరు చప్పుడు వినడానికి ఇంత హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేవాడిని కాదు. చప్పుడు పోయాక వాడి పై పెదవి చూశాను. నున్నగా ఉంది. చెంప మీద చిన్న గాటు, ఎర్రగా.

“కుక్క మల్ల మొరిగింది” అన్నాడు.

25 ఏప్రిల్, సోమవారం

నిన్న గోపన్‌పల్లి పోయాం. నా దుకాణంలో సైకిళ్ళన్నీ తీశాను. రాముడికి ఒకటి, రావణుడికి ఒకటి, వానరసేన మాత్రం ఒక్కో సైకిల్ మీద ముగ్గురేసి. కిర్రు సైకిల్ హనుమంతుడికి వచ్చింది. దార్లో బర్రెలన్నీ ఆయన వెంట పడ్డాయి. పుణ్యవతమ్మ గారు సారు సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా రామనామం అన్నారు. సత్తెమ్మ నా సైకిల్ మీద. చంక దగ్గర పట్టని చొక్కా వేసుకుని నేను.

అశోకవనం దగ్గర నేను ముందు కూర్చోలేదు. అందరికంటే వెనక, గోడకానుకుని నిలబడ్డాను. ఎవరైనా లేస్తే కనబడాలని. సీత కొమ్మ పట్టుకుంది. చిరుతలు ఆగాయి. వెనక నుంచి నాకు అన్నీ తలలే కనిపిస్తున్నాయి. ఒక్క తల కదల్లేదు. లింగమూర్తి నోట్లో బీడీ ఆరిపోయింది, వాడికి తెలియదు.

ఇంటికొస్తూ సారును అడిగాను. “ఎన్నేసిండ్రు?”

“వెయ్యడం మర్చిపోయానండి.”

నాకు మస్తు సంబరమయింది. కొంత దూరం తొక్కాక ఆయనే మళ్ళీ అన్నారు. “ఇప్పుడు ఆలోచించి వేస్తున్నానండి. తొమ్మిది. సేతువు కట్టేటప్పుడు ఒకచోట చిరుతల తాళం తప్పింది.”

“యాడ తప్పింది? తప్పలే!”

“తప్పిందండి. లెక్కపెట్టాను.”

“సేతువుకు, సీతకు ఏం సంబంధం సారు? ఆమె అప్పుడు లంకల ఉన్నది!”

కొండాపూర్ వచ్చేదాకా కొట్లాడుకున్నాం. తేలలేదు. ముందు సైకిల్ మీద పోతున్న సీత వెనక్కి తిరిగి, “తాళం తప్పినోడు రాముడు, నాకేస్తరేంది సారు మార్కులు తక్కువ?” అని అరిచింది.

ఇంకొకటి రాసి ఈ పుస్తకం మూసేస్తాను.

ఇది నేను తప్ప ఎవరూ చదివేది కాదు. అయినా ఇరవయ్యో తారీఖు పేజీలో ఒక ముచ్చట మొత్తం కల్పించి రాశాను. పంచర్ చుక్కలు నిజం. సుద్దబిళ్ళ నిజం. నా కుక్క తల్లిదండ్రుల మాట నిజం. రామన్న రోడ్డు దాటి వచ్చాడన్నది మాత్రం అబద్ధం. మీసం దువ్వుకుంటూ రావడం, నేను తల ఎత్తకుండా కూర్చోవడం, అంతా నేను అల్లిందే. వాడు కుర్చీలోంచి కదల్లేదు.

రోడ్డు దాటింది నేను. పలక చంకన పెట్టుకుని, దుకాణం తలుపులు తెరిచే ఉంచి పోయాను. ఎడ్లబండి పట్టేంత రోడ్డు. ఆ రోజు సగం దాకా పోయి ఒకసారి వెనక్కి కూడా వచ్చాను. వాడి మిషన్ పక్కన నేల మీద కూర్చున్నాను. వాడు కుడుతూనే ఉన్నాడు. చేతిలో ఉన్న లంగా అంచు అయిపోయింది, ఇంకొకటి తీశాడు.

“పొగ గాదు బావా” అన్నాను.

వాడు మిషన్ ఆపాడు. “ఏం పొగ?”

వాడికి ఏ పొగ సంగతీ తెలియదు కదా. మొత్తం మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.